ఏ ఊరండీ?

మా రాజమండ్రిలో కొత్తవాళ్ళు కనబడితే ముందడిగేది "ఏ ఊరండీ? ఎవరి తాలూకా?" అనే. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ళ పేర్లే కదా! విలియం గిబ్సన్ 1984లో రాసిన 'న్యూరోమాన్సర్' నవల్లో కేస్ అనే హ్యాకర్‌కి ఊరంటే కంప్యూటర్ల లోపలి సైబర్‌స్పేసే. దొంగతనం చేశాడని యజమానులు అతని నరాలు దెబ్బతీసి, మళ్ళీ అందులో అడుగు పెట్టకుండా చేస్తారు. పుట్టింటి గడప మూసుకుపోయిన ఆడపిల్లలా అలమటిస్తాడు. ఆ బెంగ నన్ను కదిలించింది.

కానీ ఒంటిని వట్టి మాంసమని ఈసడించుకోవడం మాత్రం నచ్చలేదు. ఆ ఒంటికి ఇంత వండిపెట్టే చేతుల ఊసు అతనికి పట్టదు. పెళ్ళితో ఇంటిపేరు మారిన మనకి తెలుసు: పేరు మారినా, ఊరు మారినా, ఆకలి మారదు. వంటిల్లు లేని ఊరు ఎంత అద్భుతమైనా మజిలీయే గాని, ఇల్లు కాదండీ!