ఊపిరితో కట్టిన పాట

గద్దర్ పాటను అచ్చులో చదివితే సగమే దొరుకుతుంది. మిగతా సగం ఆయన ఊపిరిలో, కాలి గజ్జెలో ఉండేది. మొదట మాటల్లేని రాగం తీసేవాడు. ఎత్తుగడ పడకముందే మైదానం సద్దుమణిగేది. పల్లవి పాడి వంతకు వదిలేసేవాడు. దివాకర్, సంజీవ్, డప్పు రమేష్ లాంటివాళ్లు దాన్ని నిలబెడుతుంటే తాను గొంగడి సర్దుకుని చిందు అందుకునేవాడు. చరణం నడుమ టక్కున ఆగి జనంతో ముచ్చట పెట్టేవాడు. ఆ ముచ్చట ఎప్పుడు మళ్లీ పాటయిందో ఎంత చెవిపెట్టి విన్నా దొరకదు. అతుకు కనబడని ఆ పనితనాన్ని మించింది తెలుగు వేదిక మీద నేను చూడలేదు.

తూప్రాన్ నుంచి వచ్చి ఉస్మానియాలో ఇంజనీరింగ్‌లో చేరిన గుమ్మడి విఠల్‌రావే గద్దర్. ఆ చదువు నడుమనే వదిలేశాడు. బుర్రకథ చెప్పేవాడు. బి.నర్సింగరావు పిలుపుతో 1971లో రిక్షా కార్మికుడి మీద పాట కట్టాడు. తర్వాత విప్లవ కళాబృందం జన నాట్య మండలి. అదే 1971లో అమెరికాలో గాయని కెరోల్ కింగ్ ఆల్బమ్ 'ట్యాపెస్ట్రీ' వెలువడింది. తన పాట తానే రాసి పాడుకునేవాళ్ల కాలం అది. అక్కడ పియానో ముందు ఒక మనిషి తన మనసు విప్పితే, ఇక్కడ ఒక మనిషి రిక్షా తొక్కేవాడి నోరయ్యాడు.

ఊరి ఆడవాళ్లు శోకం తీసే వరస, బుర్రకథ నడక, కూలి పాటల తూగు, అన్నీ ఆయనకు బాణీలే. 'మా భూమి' సినిమాలో ఆయన పాడింది బండి యాదగిరి కట్టిన పాట. పరాయి పాట కదా అని ఒక్క అక్షరం తేలిగ్గా పలకలేదు. 1997 ఏప్రిల్ 6న ఆయన్ను కాల్చారు. ఒంట్లో మిగిలిపోయిన తూటాతోనే ఆడాడు, 2023 ఆగస్టు 6న కన్నుమూసేదాకా. మిగతా పాటగాళ్లలో గోరటి వెంకన్న పాటలో తడి గొప్పది. అందెశ్రీ పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. ఇద్దరికీ దండం. అయినా గద్దరన్న తర్వాతే ఎవరైనా. కాదనేవాళ్లతో ఎంతసేపైనా వాదిస్తాను.

తెలంగాణ ఉద్యమం సాగిన 2009 డిసెంబరులో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు పాట లేని పూట లేదు. ఇప్పుడు ఎన్నికలొస్తే తార్నాక చౌరస్తాలో ఆటో మైకులు అవే బాణీల్లో అభ్యర్థుల పేర్లు ఇరికించి అరుస్తాయి. మంట మీద కాచి శ్రుతి చేసిన డప్పు పోయి కీబోర్డు డప్పు వచ్చింది. గొంగడి కప్పుకున్న ప్రతివాడూ గద్దరేనట! రాగం తీసే ఓపిక లేదు, ఆగడం తెలియదు, ఎదుటి జనం ముఖం చూడరు. గజ్జెలు కట్టి డబ్బుకు పాట అమ్ముకోవడం ఆ చనిపోయిన మనిషికి చేస్తున్న ద్రోహం.

ఆయన చదువు వదిలేసిన ఆ విశ్వవిద్యాలయమే ఈ పాటకు చోటివ్వాలి. ఎవరు కట్టారు, బాణీ ఏ ఊరిది, వంత ఎక్కడ అందుకోవాలి అన్నవి ఒక్కో పాటకూ రాసిపెట్టాలి. ఆయన పక్కన నిలబడి పాడినవాళ్లను, సిర్ర పట్టిన చేతులను పిలిపించి పిల్లలకు నేర్పించాలి. వాళ్ల వయసు ఆగదు. ఈ ఏడే మొదలుపెట్టండి.