ఒకే నగరం, రెండు గొంతులు: గొగోల్, షెవ్‌చెంకోల రచనలలో కేంద్రం – అంచు

స్లావ్ జాతుల సాహిత్య చరిత్రను కేంద్రం, అంచు అనే జంట భావనలతో వివరించడం విమర్శలో స్థిరపడిన పద్ధతి. భాషా ప్రమాణం, అచ్చు, అభిరుచి రాజధానిలో పుట్టి దూరప్రాంతాలకు ప్రసరిస్తాయన్నది దీని వెనుకనున్న ఊహ. రష్యా, ఉక్రెయిన్‌ల విషయంలో ఈ ఊహ నిలవదు. 11వ శతాబ్దంలో తూర్పు స్లావుల రాజకీయ, మత కేంద్రం కీవ్. మాస్కో పేరు చరిత్ర వృత్తాంతాలలో తొలిసారి కనిపించేది 1147లో. 17వ శతాబ్దంలో సైతం విద్య ప్రధానంగా కీవ్ నుంచి మాస్కోకు ప్రవహించింది. కీవ్ మొహీలా విద్యాలయంలో చదివిన సిమెయోన్ పోలోత్‌స్కీ 1664లో మాస్కో చేరి అక్షరాల లెక్కపై నడిచే పద్యరచనను అక్కడ ప్రతిష్ఠించాడు. కీవ్‌లో పుట్టిన ఫెయోఫాన్ ప్రొకొపోవిచ్ పీటర్ చక్రవర్తి చర్చి సంస్కరణలకు రూపకర్త అయ్యాడు. అయినా సామ్రాజ్య వ్యవహారంలో ఆ ప్రాంతం ‘చిన్న రష్యా’గానే మిగిలింది.

19వ శతాబ్దంలో ఈ సంబంధం సాహిత్యరూపం ధరించిన తీరుకు రెండు పుస్తకాలు సాక్ష్యం: గొగోల్ ‘దికాంక దగ్గరి పల్లెలో సాయంకాలాలు’ (1831–32), తారాస్ షెవ్‌చెంకో ‘కొబ్జార్’ (1840). రచయితలిద్దరూ ఉక్రెయిన్‌వారే. రెండు పుస్తకాలూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే అచ్చయ్యాయి. మొదటిది రష్యన్‌లో ఉంది, రెండవది ఉక్రేనియన్‌లో.

పోల్తావా ప్రాంతంలో పుట్టిన గొగోల్ 1828 చివర రాజధాని చేరాడు. మరుసటి ఏడాదే తల్లికి ఉత్తరం రాసి గ్రామ చర్చి పరిచారకుని వేషధారణ, పెళ్లి తంతు, ఇవాన్ కుపాల పండుగ మొదలైన వివరాలు పంపమని కోరాడు. పల్లె అతనికి జ్ఞాపకంగా కంటె ముందు సామగ్రిగా అవసరమైంది. నగరంలో అప్పుడు ఉక్రెయిన్ విషయాలకు గిరాకీ ఉందని అతనికి తెలుసు. ఆ కథలను కూర్చి చెప్పేవాడు రూదీ పాన్‌కో అనే తేనెటీగల పెంపకందారు. పెద్దల లోకంలోకి తలదూర్చడమంటే దొర భవంతిలోకి పల్లెటూరివాడు అడుగుపెట్టడమేనని అతడు ముందుమాటలో సంకోచం ప్రకటిస్తాడు. ఈ వినయాన్ని యథాతథంగా స్వీకరించిన విమర్శకులు అందులోని వెక్కిరింతను గమనించలేదనే చెప్పాలి. పాన్‌కో కథలతోపాటు ఉక్రేనియన్ పదాల పట్టిక కూడా ఇస్తాడు. అది నగర పాఠకునికి చేసిన ఉపకారం. అదే సమయంలో, ఈ పుస్తకం ముందు తెలియనివాడు ఆ పాఠకుడేనని కూడా అది చెబుతుంది. అయితే పట్టిక అవసరమైందంటే ఆ ప్రపంచం ప్రదర్శనకు పెట్టిన వస్తువైందని కూడా అర్థం. ఈ రెండు అర్థాలలో ఏ ఒక్కదాన్ని తొలగించినా గొగోల్ చేజారిపోతాడు.

కాలక్రమంలో రెండవ అర్థమే బలపడింది. ‘తారాస్ బుల్బా’ 1835 నాటి పాఠాన్ని 1842లో విస్తరించినప్పుడు గొగోల్ రష్యన్ నేల నుంచి లేవబోయే జారు గురించిన జోస్యాన్ని నాయకుని నోట చేర్చాడు. కొసాక్కుల కథ సామ్రాజ్య కథలోకి ఒదిగింది.

షెవ్‌చెంకో మార్గం వేరు. అర్ధబానిసగా పుట్టిన అతనికి 1838లో 2500 రూబుళ్లు చెల్లించి స్వేచ్ఛ కొనిపెట్టినవారు రాజధాని కళాకారులే. రెండేళ్లకే అతడు ఎనిమిది రచనల ‘కొబ్జార్’ను తన పల్లె భాషలో అచ్చు వేయించాడు. కొబ్జా వాయిస్తూ పాడే గాయకుని పేరే గ్రంథానికి పేరు. పాన్‌కో నగరాన్ని సంబోధిస్తే, ఈ గాయకుడు తనవారిని సంబోధిస్తాడు. బెలీన్‌స్కీ వంటి ప్రగతిశీల విమర్శకుడు కూడా 1842లో ‘హైదమాకీ’ని సమీక్షిస్తూ దీన్ని సహించలేకపోయాడు. కింది వర్గాల పక్షం వహించిన విమర్శకునికి కింది వర్గం వారి భాష సాహిత్యానికి చాలదనిపించడం ఆలోచించదగిన విషయం. షెవ్‌చెంకోను శుద్ధ ప్రతిఘటనకు ప్రతీకగా మాత్రమే చూడటమూ తొందరపాటే. అతని నవలికలు, దినచర్య రష్యన్‌లోనే ఉన్నాయి. 1847లో అతన్ని అరెస్టు చేసి, సిపాయిగా ప్రవాసం పంపి, రాయడాన్నీ చిత్రించడాన్నీ నిషేధించారు.

1863 నాటి వాలుయెవ్ సర్క్యులర్, 1876 నాటి ఎమ్స్ శాసనం ఉక్రేనియన్ ముద్రణను చాలావరకు అణచివేశాయి. ఫలితంగా ఆ భాషా వ్యాసంగం ఆస్ట్రియా ఏలుబడిలోని ల్వీవ్‌కు తరలింది. వియన్నా దృష్టిలో మారుమూలగా ఉన్న ఆ నగరంలో 1873లో షెవ్‌చెంకో పేరిట సంఘం ఏర్పడింది. ఒక సామ్రాజ్యపు అంచు మరొక సామ్రాజ్యంలోని భాషకు కేంద్రమైంది.

తెలుగు పాఠకులకు ఈ సాహిత్యం అధికంగా మాస్కో ప్రగతి ప్రచురణాలయం వంటి సంస్థల ద్వారా చేరింది. ఉప్పల లక్ష్మణరావు వంటివారు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. ఆ కృషి విలువైనదే. కానీ అన్నీ ఒకే నగరం నుంచి రావడంతో గొగోల్ మనకు కేవలం రష్యన్ రచయితగా స్థిరపడ్డాడు. పైగా మూలంలో రష్యన్ వాక్యం మధ్య ఉక్రేనియన్ మాట విడిగా నిలబడుతుంది; తెలుగులో రెండూ తెలుగే అయిపోతాయి. పాన్‌కో పదాల పట్టికను పనికిరాని అనుబంధంగా భావించి వదిలేసే అనువాదంలో ఆ పల్లె ఎవరి పల్లెయో తెలిపే ముఖ్యమైన ఆనవాలు ఒకటి చెరిగిపోతుంది.