సఫ్రాన్‌బోలు పూలు కోసేవాళ్లు

శరదృతువులో టర్కీలోని అంకారా నుంచి ఉత్తరానికి కారులో సాగితే, కొండవాలు పొడవునా ఎర్రపెంకుల పాత ఇళ్లతో సఫ్రాన్‌బోలు ఎదురవుతుంది. 1994లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఊరు. ఆ ఇళ్ల అందం అందరూ చెప్పేదే. నా దండం మాత్రం చుట్టుపక్కల పల్లెల్లో కుంకుమపువ్వు కోసేవాళ్లకు.

అక్టోబరు, నవంబరుల్లో కొద్ది వారాలే పూత. ఎండెక్కితే పువ్వు వాడిపోతుంది కనుక పొద్దున్నే నడుం వంచి కోయాలి. ఊదారంగు రేకులు విప్పి, లోపలి ఎర్రటి పోగులు తెగకుండా వేళ్లతో తీయాలి. పువ్వుకు మూడే పోగులు! కిలో ఎండు సరుకుకు లక్షకు పైగా పూలు కావాలి. ఆ తర్వాత ఆరబెట్టడం. అక్కడ ఏమరితే రంగూ వాసనా రెండూ పోతాయి. ఎంత ఓర్పు, ఎంత నేర్పు! ఊళ్లో అంగళ్లలో అమ్మే కుంకుమపువ్వు లోకుం మిఠాయికి బేరమాడాలని నాకైతే అనిపించదు.