తౌక్యాన్ స్మారకం: పేర్లు, స్థలాలు

కళింగాంధ్ర తీరవాసులు ఒకప్పుడు ‘రంగం’ అని పిలుచుకున్న రంగూన్ నగరమే నేటి యాంగోన్. అక్కడి నుంచి ఉత్తరంగా ప్యే నగరానికి పోయే రహదారి పక్కన తౌక్యాన్ యుద్ధ శ్మశానం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించిన 6,374 మంది కామన్వెల్త్ సైనికుల సమాధులు ఇక్కడ ఉన్నాయి.

ఇది యుద్ధభూమిలో వెలసిన శ్మశానం కాదు. అక్యాబ్, మాండలే, మెయిక్తిలా, సహ్మా ప్రాంతాల్లోని నాలుగు శ్మశానాలను చేరుకోవడం, నిర్వహించడం కష్టసాధ్యమైనందువల్ల, అక్కడి సమాధులను తరలించేందుకు 1951లో దీనిని ప్రారంభించారు. సహ్మాలో ఖననమైన వారిలో చిండిట్ దళాల సైనికులు అనేకులు.

ఈ నిర్ణయంలో కరుణ ఉంది, నష్టమూ ఉంది. దుర్గమ ప్రదేశాలలో పాడుబడిపోగల సమాధులకు సంరక్షణ లభించింది. కాని ఆ మరణాలకు సాక్షులైన కొండలూ, నదులూ దూరమయ్యాయి. పచ్చికపై సమానంగా తీర్చిన వరుసలను చూస్తే, వీరంతా ఒకేచోట నేలకొరిగారనే భ్రమ కలుగుతుంది.

శ్మశానంలోని రంగూన్ స్మారకం 1958లో ఆవిష్కృతమైంది. మధ్యన వలయాకార మండపం, ఇరువైపులా స్తంభశ్రేణులు. సమాధి ఎక్కడో తెలియని దాదాపు 27,000 మంది పేర్లను ఆ స్తంభాలపై చెక్కారు. వీరిలో భారతీయులు అత్యధికులు. విజయఘోష కంటె నామావళికి ప్రాధాన్యమివ్వడమే ఈ వాస్తురచనలోని ఔన్నత్యం. సందర్శకుడు ఒక్కచూపుతో సాగిపోలేడు. స్తంభం వెంట స్తంభం నడిచి చదవవలసిందే.

పేర్ల విషయంలో ఇంత నిజాయితీ చూపిన స్మారకం, మండపంలోని వాక్యం దగ్గర తడబడింది. వీరు స్వేచ్ఛామానవులందరి కోసం మరణించారని ఆ వాక్యం ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖి లిపిలోని పంజాబీలలో చెబుతుంది. ఆనాటి భారత సైనికుడు తానే పరాధీనుడు. ఈ వైరుధ్యాన్ని ఆ వాక్యం దాటవేస్తుంది. పైగా బర్మాలో పనిచేసిన మద్రాసు సాపర్స్ దళంలో తెలుగువారూ ఉన్నారు. దక్షిణాది భాష ఒక్కటైనా ఆ అయిదింటిలో లేదు. పేర్లన్నీ రోమన్ లిపిలోనే ఉన్నాయి. ఇంగ్లీషు రాని తల్లి ఇక్కడికి వచ్చినా కొడుకు పేరును పోల్చుకోలేదు.

అయినా శిల నిర్వర్తించిన బాధ్యతను తక్కువ చేయరాదు. పేరును మరుగున పడనీయకపోవడం సామాన్యమైన ఉపకారం కాదు. ఆ పేరు ఏ ఊరిది, ఆ మనిషి ఏ నేలపై పడిపోయాడు, ఎవరి పాలనలో పోరాడాడు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినది చరిత్ర రచన. ఆ పని మన భాషలో జరగవలసి ఉంది.