గొలుసులు విప్పిందెవరు?

1876లో టోనీ రొబేర్-ఫ్లరీ అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన పెద్ద తైలవర్ణ చిత్రం ఒకటుంది. మనోవైద్య చరిత్ర మీద ఏ పుస్తకం తిరగేసినా ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆస్పత్రి ఆవరణ. మధ్యలో జుట్టు చెదిరి, బట్టలు జారిపోతూ, ఎటో చూస్తూ నిలబడ్డ యువతి. ఒకతను ఆమె ఒంటికున్న ఇనుప బంధాలు విప్పుతున్నాడు. పక్కనే హుందాగా నిలబడి చూస్తున్న పెద్దమనిషి డాక్టర్ ఫిలిప్ పినెల్. ఒక స్త్రీ వంగి ఆయన చేతిని ముద్దు పెట్టుకుంటోంది. బొమ్మ చూసినవాళ్ళం డాక్టరుగారి పేరు తెలుసుకుంటాం. బంధాలు విప్పుతున్న మనిషి పేరు అడగాలని తోచదు. ఆ అమ్మాయి పేరు సంగతి సరేసరి.

పిచ్చిని సమాజాలు ఎలా చూశాయి అన్న ప్రశ్నకి చాలాకాలం చెప్పుకున్న జవాబు ఈ బొమ్మే. ముందు చీకటి, తర్వాత విప్లవం, దాని వెంట దయగల డాక్టరు. పినెల్ కొడుకు సిపియోన్ 1836లో దీన్ని ఇంకాస్త నాటకీయంగా రాశాడు. విప్లవ నాయకుడు కుతోన్, తనే కాళ్ళు పడిపోయి మనుషులు మోసుకొస్తే వచ్చినవాడు, బిసెత్ర్ ఆస్పత్రిలో అరుపులు విని హడలిపోతాడు. ఈ మృగాల్ని విప్పుతానంటున్నావు, నీకేమైనా పిచ్చా అని పినెల్‌ని అడుగుతాడు. పినెల్ జంకడు. నలభై ఏళ్ళుగా గొలుసులతో ఉన్న ఒక ఇంగ్లీషు కెప్టెన్ మొదట బయటికొచ్చి, ఆకాశం చూసి మురిసిపోతాడు. మన పాత సినిమాల్లో ఇంటర్వెల్‌కి ముందు పెట్టుకోదగ్గ సన్నివేశం.

ఈ కథని ఎదురు తిప్పి చదివినవాడు మిషెల్ ఫూకో. 1961లో వచ్చిన ఆయన 'పిచ్చి చరిత్ర' ఇంగ్లీషులోకి మొదట, 1965లో, బాగా కుదించిన రూపంలో వచ్చింది. పూర్తి పాఠం రావడానికి 2006 దాకా పట్టింది. ఇంగ్లీషులో చదువుకున్న చాలామందిలాగే మనలోనూ ఎక్కువమంది ఫూకో ఆ చిన్న పుస్తకపు ఫూకోనే. ఆయన వాదనని నాలుగు ముక్కల్లో చెప్పాలంటే: 1656లో పద్నాలుగో లూయీ శాసనంతో పారిస్‌లో 'సాధారణ ఆస్పత్రి' పుట్టింది. పేరుకే ఆస్పత్రి. బిచ్చగాళ్ళు, పనిలేనివాళ్ళు, ముసలివాళ్ళు, పిచ్చివాళ్ళు, అందర్నీ కలిపి పోసిన బందెలదొడ్డి. పని చెయ్యనివాణ్ణి నేరస్తుడిగా చూసే సమాజం వాళ్ళని లోపలికి తోసింది. తర్వాత పినెల్, ఇంగ్లండులో ట్యూక్ కుటుంబం వచ్చి ఇనుప గొలుసులు తీసి, అంతకంటే గట్టి గొలుసుని రోగి మనసులో బిగించారు. నిన్ను గమనిస్తున్నాం, నిన్ను నువ్వు అదుపులో పెట్టుకో అనే గొలుసు.

యార్క్ రిట్రీట్ గురించి ఆయన రాసిన పేజీలు ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తాయి. 1790లో హానా మిల్స్ అనే క్వేకర్ మతస్తురాలు యార్క్ పిచ్చాసుపత్రిలో చనిపోయింది. చూడటానికి వెళ్ళిన సాటి మతస్తుల్ని లోపలికి రానివ్వలేదు. ఆ బాధలోంచి విలియం ట్యూక్ పూనికతో 1796లో రిట్రీట్ మొదలైంది. తోట, పని, ప్రార్థన, మంచి మాట. రోగుల్ని తేనీటి విందుకి పిలిచేవారు. వాళ్ళు మంచి బట్టలు కట్టుకుని, మర్యాదస్తుల్లా కూర్చుని, కప్పు పట్టుకుని మాట్లాడాలి. ఫూకో ఆ టీకప్పులో న్యాయస్థానాన్ని చూశాడు. ఆ విందులో రోగి అతిథి కాడు, పరీక్షకి కూర్చున్నవాడు. దయ కూడా అధికారమే కావచ్చని ఇంత పదునుగా చూపించిన రచన ఇంకోటి నేను చదవలేదు.

చరిత్రకారులు ఈ పుస్తకంలో తప్పులు చాలానే పట్టుకున్నారు. ఊరూరా తిరిగే పిచ్చివాళ్ళ ఓడలు నిజంగా ఉండేవని ఫూకో రాశాడు. 1494 నాటి బ్రాంట్ కావ్యంలో, బొమ్మల్లో ఆ ఓడ ఉంది గానీ, నీళ్ళమీద ఉన్నట్టు ఆధారాలు దొరకలేదు. ఇంగ్లండులో పిచ్చివాళ్ళని పెద్దయెత్తున బంధించడం పంతొమ్మిదో శతాబ్దపు వ్యవహారమనీ, ఫూకో లెక్క అక్కడ పొసగదనీ రాయ్ పోర్టర్ చూపించాడు. ఇవి ముఖ్యమైనవే. కానీ వీటితో పుస్తకం కూలిపోదు. నా అభ్యంతరం వేరు.

ఈ పుస్తకం ఒక మాట ఇచ్చి మొదలవుతుంది. మనోవైద్యం అంటే పిచ్చి గురించి వివేకం ఒక్కటే మాట్లాడుకున్న ఏకపాత్రాభినయం, నేను రాస్తున్నది ఆ రెండోవైపు నిశ్శబ్దం చరిత్ర అని తొలి ముందుమాట సారాంశం. నిశ్శబ్దం గురించి వివేకం భాషలోనే రాస్తూ దాని తరఫున ఎలా మాట్లాడతావని 1963లో దెరిదా నిలదీశాడు. 1972 ప్రచురణలో ఫూకో ఆ ముందుమాట తీసేశాడు. ఆ గొడవ తత్వశాస్త్రం క్లాసుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. నాకు మాత్రం దానికంటే ముందడగాల్సిన మామూలు ప్రశ్న ఒకటుందనిపిస్తుంది. అసలు వాళ్ళు నిశ్శబ్దంగా ఉన్నారా?

ఆ బొమ్మ దగ్గరికే వెళ్దాం. పినెల్ 1793లో బిసెత్ర్‌కి డాక్టరుగా వచ్చాడు. 1795లో సాల్పెత్రియేర్‌కి వెళ్ళిపోయాడు. బిసెత్ర్‌లో గొలుసులు తీసింది 1797లో. అంటే పినెల్ వెళ్ళిపోయిన రెండేళ్ళకి. తీసినవాడు డాక్టరు కాదు, జాఁ-బతీస్త్ ప్యుసాన్ అనే వార్డు అధికారి. తోళ్ళు పదునుచేసే పనివాడు. కంఠమాల జబ్బుతో బిసెత్ర్‌లో రోగిగా చేరి, నయమయ్యాక అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. భార్య మార్గరీత్‌తో కలిసి వార్డు చూసుకునేవాడు. రోగుల్ని కొట్టకూడదని పనివాళ్ళకి కట్టడి చేశాడు, వినని వాళ్ళని తీసేశాడు. నయమైన రోగుల్నే పనిలో పెట్టుకునేవాడు. వాళ్ళకి లోపల ఎలా ఉంటుందో తెలుసు గనక. గొలుసు బదులు కదలకుండా కట్టే చొక్కా వాడాడు. అది కూడా బంధనమే, ఆ సంగతి దాచక్కర్లేదు. ఇవన్నీ అతను స్వయంగా రాసిపెట్టాడు. ఆ కాగితాన్ని డోరా వైనర్ అనే చరిత్రకారిణి 1979లో వెలుగులోకి తెచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే గ్లాదీస్ స్వేన్ పినెల్ కథ ఎలా అల్లుకుపోయిందో పొరపొరగా విప్పి చూపించింది.

ఇందులో పినెల్‌ని నిందించాల్సింది లేదు. తన పుస్తకంలో ప్యుసాన్ పేరు గౌరవంగా చెప్పుకున్నాడు. అతను లేకపోతే పని సాగదని 1802లో సాల్పెత్రియేర్‌కి రప్పించుకున్నాడు కూడా. మరిచిపోయింది తర్వాతివాళ్ళు. ఆస్పత్రి మంచం మీంచి లేచొచ్చిన తోలు పనివాడు నాయకుడిగా పనికిరాడు, బొమ్మకి కోటు వేసుకున్న డాక్టరు కావాలి.

మరి ఫూకో? కుతోన్ కథ పురాణమని ఆయనకి తెలుసు. అయినా చివరి అధ్యాయాన్ని దానిమీదే నిలబెట్టాడు. కథలో పాత్రల్ని మార్చలేదు, రంగులు మార్చాడంతే. దేవుడిగా ఉన్న డాక్టరు జైలరయ్యాడు. డాక్టరు మాత్రం మధ్యలోనే నిలబడ్డాడు, రోగి బొమ్మలో లాగానే పక్కన మౌనంగా ఉండిపోయాడు. పుస్తకంలో మాట్లాడే పిచ్చివాళ్ళు లేరా అంటే ఉన్నారు. నీషే, ఆర్తో, వాన్ గో. అంతా మహానుభావులే. వార్డులో పడివున్న చాకలామె, కసాయివాడు ఏమన్నారో తెలీదు.

మాట్లాడినవాళ్ళు లేక కాదు. జాన్ పర్సివల్ సంగతి చూడండి. పార్లమెంటు ఆవరణలో హత్యకి గురైన బ్రిటిష్ ప్రధానమంత్రి స్పెన్సర్ పర్సివల్ కొడుకు. 1830ల మొదట్లో మతావేశంలో మతి తప్పింది, తనతో దైవస్వరాలు మాట్లాడుతున్నాయని నమ్మాడు. ఇంట్లోవాళ్ళు బ్రిస్టల్ దగ్గర బ్రిస్లింగ్టన్ హౌస్‌లో, తర్వాత టైస్‌హర్స్ట్‌లో పెట్టారు. రెండూ డబ్బున్నవాళ్ళ ఆశ్రమాలు. మొదటిది క్వేకర్ వైద్యుడు పెట్టినది, ట్యూక్ తరహా మంచితనానికి పేరుపడ్డది. బయటికొచ్చాక పర్సివల్ 1838లో ఒకటి, 1840లో ఒకటి, రెండు సంపుటాలు రాశాడు. కట్టేశారు, చన్నీళ్ళలో ముంచారు, ఇవన్నీ ఉన్నాయి. కానీ అతని అసలు ఫిర్యాదు అది కాదు. నన్నెందుకు ఇక్కడ పెట్టారో, ఏం చెయ్యబోతున్నారో ఎవరూ చెప్పలేదు, నీకేం కావాలని ఒక్కరూ అడగలేదు, గదిలో వస్తువుని జరిపినట్టు నన్ను జరిపారు అంటాడు. ఫూకో టీకప్పులో చూసినదాన్ని ఆ కప్పు పట్టుకున్నవాడే నూట ఇరవై ఏళ్ళ ముందు రాసిపెట్టాడన్నమాట.

అయితే తేడా ఉంది. పర్సివల్ తనకి పిచ్చి లేదనడు. నేను నిజంగానే రోగిని, ఆ స్వరాలు నన్ను నలిపేశాయి, మీరు చేసిన వైద్యం దాన్ని ఇంకా పెంచింది అంటాడు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అంటాడు. డాక్టర్ల చరిత్ర మొదటి సగం మాత్రమే వింటుంది. ఫూకో శిష్యులు రెండో సగం మాత్రమే వింటారు. 1845లో పర్సివల్ తనలాంటి మరికొందరితో కలిసి, పిచ్చివాళ్ళన్న ముద్రపడ్డ వాళ్ళ కోసం సంఘం పెట్టి, చట్టాలు మార్చమని పార్లమెంటు చుట్టూ తిరిగాడు. ఇదేం నిశ్శబ్దం? విచిత్రం ఏంటంటే, మరుగునపడ్డ అతని పుస్తకాన్ని గ్రెగరీ బేట్సన్ మళ్ళీ అచ్చు వేయించింది కూడా 1961లోనే. గాఫ్మన్ 'అసైలమ్స్' వచ్చింది, మానసిక రోగమే ఒక భ్రమ అన్న థామస్ సాజ్ పుస్తకం వచ్చింది, అన్నీ ఆ ఏడాదే. మిగతా మూడూ సిలబస్‌లోకెళ్ళాయి. అనుభవించినవాడి పుస్తకం మాత్రం లైబ్రరీ అరలో ఉండిపోయింది.

ఇదంతా మనకెందుకంటారా. తెలుగులో ఫూకో పేరు విమర్శలోకి వచ్చాక ఒక తేలిక పద్ధతి అలవాటైంది. కథలో పిచ్చివాడు కనిపిస్తే చాలు, అతను పిచ్చివాడు కాదు, సమాజమే పిచ్చిది అని తీర్పిచ్చేస్తాం. కొన్ని కథల్లో అది నిజం కూడా. కానీ ఆ తీర్పులో ఒక మనిషి రాత్రుళ్ళు నిద్రపట్టక, గోడలు తిడుతున్నాయని వణికిపోయే బాధ మాయమైపోతుంది. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్ళకి ఈ మాట చెప్పి చూడండి. రెండోపక్కన మన సినిమా ఉంది. ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వు, వాల్తేరు పిచ్చాసుపత్రి అంటే నవ్వు. తత్వవేత్తకి అతను ప్రతీక, కమెడియన్‌కి సరుకు.

గొలుసులు మనకి పాత ఫ్రాన్సు సంగతి కాదు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక ప్రైవేటు వసతిలో నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల తప్పించుకోలేకపోయారు. వాళ్ళని అక్కడికి తెచ్చింది అధికారం కాదు, నయమవుతుందన్న ఆశతో ఇంట్లోవాళ్ళే. తర్వాత సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది, అలాంటి వసతులు మూతపడ్డాయి, వందలమందిని ప్రభుత్వ సంరక్షణలోకి తరలించారు. అప్పటి చర్చలో లైసెన్సుల మాటా, మూఢనమ్మకాల మాటా వినపడ్డంతగా, బతికి బయటపడ్డవాళ్ళు ఏమనుకుంటున్నారన్నది వినపడలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. వార్తల్లో వచ్చింది ఎక్కువగా అదీ, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూడకపోవడమూ. అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది. మనిషి మనసు స్థిమితంగా ఉన్నప్పుడే, రేపు జబ్బు ముదిరితే నాకు ఈ వైద్యం చెయ్యండి, ఇది చెయ్యొద్దు, నా తరఫున ఫలానావాళ్ళు మాట్లాడతారు అని ముందుగా రాసిపెట్టుకోవచ్చు. నీకేం కావాలని ఒక్కరూ అడగలేదే అన్న పర్సివల్‌కి ఇది చూపిస్తే, వెంటనే కాగితం, కలం తెమ్మని ఉండేవాడు.