వాలుగ దవడ, వంద కౌంటు నూలు

మా శ్రీకాకుళం వైపు నుంచి దేశానికి వెళ్ళిన తెల్లటి సరుకులు రెండు. ఒకటి ఉప్పు. ఎండాకాలం నౌపడలో రైలు దిగితే కుప్పలు కుప్పలుగా కళ్ళకి కొడుతుంది. రెండోది నూలు. దానికోసం అదే రైలు పట్టాల వెంట కోటబొమ్మాళి, తిలారు, ఆమదాలవలస, దూసి దాటి పొందూరులో దిగాలి. గాంధీ యుద్ధంలో తుపాకీ ఏదీ, మందుగుండు ఏదీ అంటే ఈ రెండే. 1930లో బారువ కుర్రాడు గౌతు లచ్చన్న చదువు వదిలేసి, సముద్రపు నీళ్ళతో ఉప్పు తీసి అమ్మి, టెక్కలి కోర్టు బోనెక్కాడు. ఆ కథ మా వైపు ఎవరినడిగినా చెబుతారు. నూలు కథ అడిగితే మాత్రం పేర్లు దొరకవు. అది వడికిందంతా ఆడవాళ్ళు, వడికింది ఇంటి అరుగు మీద. అరుగు మీద జరిగిన దానికి కోర్టులో కేసు ఉండదు, కేసు లేని పనికి కాగితం ఉండదు.

1921లో బెజవాడ కాంగ్రెసు సభ ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. దేశంలో చాలా చోట్ల అప్పుడు రాట్నాన్ని వెతికి, దుమ్ము దులిపి, తిప్పడం నేర్పాల్సి వచ్చింది. పొందూరులో ఎవరికీ ఏదీ నేర్పక్కర్లేకపోయింది. శ్రీకాకుళం పాత పేరు మీద చికాకోలు మస్లిన్ అని ఒకప్పుడు ఓడలెక్కిన బట్టకి పుట్టిల్లు ఈ చుట్టుపక్కల ఊళ్ళే. పట్టుశాలీల ఇళ్ళల్లో ఆడపిల్లలకి ఈ పని మాటలతోపాటే వస్తుంది. అందుకే ఈ నూలును దేశభక్తి అని మాత్రమే పొగిడితే నాకు కొంచెం చిరాకు. భక్తి ఉంటే చాలదు. భక్తితో తకిలీ తిప్పినవాళ్ళ నూలు ఎంత ముతకగా ఉండేదో ఖద్దరు కట్టిన పెద్దవాళ్ళని అడిగితే నవ్వుతూ చెబుతారు, ఒళ్ళు గీరుకుపోయేదని. పొందూరు నూలు వేరు. అది పనితనం.

పనితనం ఎక్కడ మొదలవుతుందో చెప్పాలంటే చేప దగ్గర మొదలుపెట్టాలి. వాలుగ చేప మంచినీటి చేప. దాని దవడ మీద సన్నటి పళ్ళు దగ్గర దగ్గరగా, లోపలికి వంగి ఉంటాయి. ఆ దవడ ఎముకని ముక్కలు చేసి, చిన్న పుల్లకి కట్టి, దానితో పత్తిని దువ్వుతారు. దువ్వేది గింజ తీసేసిన దూదిని అనుకుంటే పొరపాటు. గింజ ఇంకా లోపలే ఉంటుంది. ఒక్కో గింజనీ వేళ్ళ మధ్య పట్టుకుని, దాని ఒంటి మీది పోగుల్ని చంటిపిల్ల జుట్టు దువ్వినట్టు దువ్వుతారు. ఆకుముక్క, పుల్ల, సరిగా పెరగని పొట్టి పోగు అన్నీ పంటికి చిక్కి ఊడి వస్తాయి. నిలిచిన పోగులు ఒకే వైపు తల పెట్టి పడుకుంటాయి. గింజ పట్టుకుని ఉన్నంతసేపూ పోగు చెదరదు కాబట్టి, దువ్వడానికి అంతకన్నా మంచి పట్టుకారు లేదు. ఇనప దువ్వెనతో ఈ పని చెయ్యొచ్చు కదా అని నాకు మొదట అనిపించింది. ఇనప పన్ను పోగుని కోస్తుంది. చేప పన్నుకి పదునూ ఉంది, కాస్త మెత్తదనమూ ఉంది. అరిగిపోయే పనిముట్టు అది. పొందూరులో నేను చూస్తుండగానే ఒక పెద్దావిడ దవడ ముక్కని వెలుతురుకి ఎత్తి చూసి పక్కన పడేసింది. "పళ్ళు అరిగిపోనాయి బాబూ, కొత్తది కట్టాల" అంది. నా కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి.

ఢాకా మస్లిన్ వెలిగిన రోజుల్లో అక్కడి ఆడవాళ్ళు కూడా ఇదే జాతి చేప దవడతోనే పత్తి దువ్వేవారని, 19వ శతాబ్దంలో అక్కడ ఉన్న ఈస్టిండియా కంపెనీ డాక్టరు జేమ్స్ టేలర్ రాసిపెట్టాడు. గంగ దిగువన ఒక ఊరికీ నాగావళి పక్కన ఒక ఊరికీ ఒకే ఉపాయం ఎలా తట్టిందో! ఢాకాలో ఆ పని ఆ శతాబ్దంలోనే అడుగంటింది. ఇక్కడ ఇప్పటికీ దవడ ముక్క అరుగుతోంది.

దువ్విన తర్వాత గింజ తియ్యాలి. చెక్క పలక మీద పత్తి పెట్టి, సన్నటి ఇనప కడ్డీని అరచేత్తో దొర్లిస్తారు. గింజ చితక్కుండా ముందుకి జారి పడిపోతుంది, దూది వెనక ఉండిపోతుంది. గింజ చితికితే నూనె అంటుతుంది, నూనె అంటిన దూది పనికిరాదు. ఆ తర్వాత చిన్న విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెడతారు. దొప్ప లోపలి వైపు నున్నగా, చల్లగా ఉంటుంది. చేతి చెమటా గాలి దుమ్మూ ఏకుకి తగలవు. వడికేటప్పుడు కూడా ఏకు ఆ దొప్పలోనే ఉంటుంది, కొస మాత్రం బయటికి చూస్తుంటుంది.

వడికే రాట్నం పెద్దది. చక్రానికి ఇరవై నాలుగు ఆకులు, ఒకటే కదురు. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది. చూడాల్సింది ఎడంచెయ్యి. కదురు కొస దగ్గర మొదలై ఆ చెయ్యి వెనక్కీ పైకీ పోతుంటే, లేని చోటి నుంచి దారం పుట్టుకొస్తున్నట్టు ఉంటుంది. చెయ్యి ఎంత వేగంగా వెనక్కి పోతే దారం అంత సన్నం. చక్రం ఎంత తిరిగితే దానికి అంత మెలి. రెండు చేతుల లెక్కా కలవాలి. మెలి తక్కువైతే దారం విడిపోతుంది, ఎక్కువైతే ముడుచుకుని చిట్లుతుంది. చెయ్యి బారెడు సాగాక చక్రం ఒక్క పిసరు వెనక్కి తిరిగి, దారం కదురు మీదికి చుట్టుకుంటుంది. మళ్ళీ మొదలు. ఈ మొత్తంలో ఆ పెద్దావిడ దారం వంక చూడలేదు. వీధిలో పోయే మేకల్ని అదిలిస్తోంది, కోడలికి ఏదో పురమాయిస్తోంది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఏం జరుగుతోందో ఆ వేళ్ళకే తెలుసు.

ఆ సన్నదనం ఎంతో చెప్పాలంటే కొంచెం లెక్క వెయ్యాలి. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని తూగితే ఆ నూలు అన్ని కౌంటు. వంద కౌంటు అంటే పౌనుకి 84,000 గజాలు, దగ్గర దగ్గర 77 కిలోమీటర్లు. అర కిలో కూడా తూగని నూలుని నౌపడ స్టేషన్లో ఒక కొస కట్టి పరిచుకుంటూ పోతే, పొందూరు దాటి ఇంకా మిగులుతుంది. ఇదంతా ఇక్కడి పొట్టి పోగు కొండపత్తితో! మిల్లు యంత్రానికి ఈ కౌంటు తియ్యాలంటే పొడుగు పోగు పత్తి కావాలి. కొండపత్తిని దాని ముందు పెడితే తుంపులు తుంపులుగా ఊడిపోతుంది. చేతివేళ్ళు పోగుపోగుకీ పట్టు మార్చుకుంటాయి కనక నడుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ చేతి నూలుకి విలువ తెలిసింది. 1942లో రంగూన్ జపాను చేతిలో పడింది. పొట్టకూటికి బర్మా వెళ్ళిన మనవాళ్ళు గుంపులుగా వెనక్కి వచ్చారు. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మిల్లులు సైన్యానికి బట్ట నెయ్యడంలో పడితే జనానికి బట్ట కరువైంది. 1943 జూన్‌లో సర్కారు బట్ట మీదా నూలు మీదా కంట్రోలు పెట్టింది. మిల్లు నూలు నమ్ముకున్న మగ్గాలు నూలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. నూలు పక్కింటి అరుగు మీదే పుట్టే చోట మగ్గం ఎవరికోసం చూడాలి? అమెరికాలో ఆ ఏడాదే చొక్కా చేతులు పైకి మడిచి కండ చూపించే ఫ్యాక్టరీ అమ్మాయి బొమ్మ అచ్చయింది. ఇప్పటికీ అది టీషర్టుల మీద కనబడుతుంది. పొందూరు రాట్నం ముందు కూర్చున్నావిడకి ఎవరూ బొమ్మ వెయ్యలేదు. ఆవిడకి ఏ యుద్ధం ముందో, ఏది వెనకో కూడా తేడా తెలిసి ఉండదు. దొరల యుద్ధం ఒకటి, దొరల మీద యుద్ధం ఒకటి, రెండూ ఒకే చక్రం మీదుగా పోయాయి.

పేరు దక్కిన ఆడవాళ్ళు మా వైపు ఉద్దానంలో లేకపోలేదు. 1940 ఏప్రిల్ 1న మందస దగ్గర గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన గున్నమ్మని వీరగున్నమ్మ అంటారు. తూటా తగిలితే పేరు నిలిచింది. రోజుకిన్ని చిలపలు చుట్టినవాళ్ళది నూలు కౌంటు మాత్రమే నిలిచింది.

1949లో పొందూరులో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం పెట్టారు. పత్తి ఇవ్వడం, నూలు కొనడం, నేయించడం, అమ్మడం అన్నీ దాని ద్వారా నడిచాయి. తెలుగు రాజకీయ నాయకుల పంచెకట్టుకి పొందూరు పేరు అలా అంటుకుంది. ఆ పంచె ధరలో ఎక్కువ రోజులు పనిచేసిన చేతికి తక్కువ వాటా వెళ్తుందన్నది ఇక్కడ అందరికీ తెలిసిన లెక్క. దువ్వి, గింజ తీసి, ఏకి, చుట్టి, వడికితేగాని చిలప కాదు. కూలి మాత్రం చిలపకే. అందుకే కోడళ్ళు రాట్నం ముందు కూర్చోవడానికి ఇష్టపడకపోతే నేను తప్పు పట్టలేను. పొగిడి వెళ్ళిపోయే నాలాంటివాళ్ళు వాళ్ళకి కొత్త కాదు.

లేచే ముందు, ఒకసారి నేను తిప్పనా అని ఆ పెద్దావిడని అడిగాను. ఆవిడ నవ్వి పక్కకి జరిగింది. జానెడు దారం కూడా రాకముందే పుటుక్కున తెగింది. నా చేతిలోంచి ఏకు తీసుకుని, తెగిన కొసని ఏకు పోగుల మీద ఆనించి, చక్రం అర చుట్టు తిప్పింది. దారం మళ్ళీ సాగింది. ముడి వెయ్యలేదు, తడి చెయ్యలేదు. కదురు మీదికి పోయేలోపు ఆగమని, ఎక్కడ అతికిందో కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. దొరకలేదు.