చెవులెత్తి చూసిన ఊళ్లు

"ఏట లేనప్పుడు ఎల్దాం మేస్టారూ. ఆ రెండు నెల్లూ ఊళ్లో ఉండి మాత్రం ఏటి తింటాం?" అంది మా ఆవిడ.

యూరప్ ఎప్పుడొస్తారని పెద్దోడు ఫోన్లో అడిగిన ప్రశ్నకి ఆవిడ జవాబు అది. వాడుండేది నెదర్లాండ్స్‌లో. టికెట్ల రేట్లు, చలి, వాన, ట్యులిప్ పూలు ఏ నెలలో పూస్తాయి, ఇవన్నీ వాడి లెక్కలు. ఆవిడ లెక్క ఒకటే. ఏట అంటే వేట. మాది పూడిమడక. అచ్యుతాపురం దాటి రోడ్డు తిన్నగా పోయి సముద్రం ముందు ఆగిపోయే చోట ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరపడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ ఫైబర్ బోట్లు ఇసకలో వరసగా పడుంటాయి. మగాళ్లు వలలు కుట్టుకుంటారు. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలైంది. కూర మాత్రం మారలేదు. ఎండుచేపే.

అలా 2025లో నిషేధం చివర్లో, జూన్ మొదటి వారంలో బయల్దేరాం.

అంతకుముందు హైదరాబాద్‌లో వీసాకి వేలిముద్రలు. నావి ఒక్కసారికే పడ్డాయి. ఆవిడవి నాలుగుసార్లు తుడిచి, తడిచేసి పెట్టించినా మిషను ఒప్పుకోలేదు. చిన్నప్పట్నుంచీ ఐసులో, ఉప్పునీళ్లలో, కత్తిపీట ముందు అరిగిన వేళ్లు. అక్కడున్న అమ్మాయి "ఏం పని చేస్తారు ఆంటీ?" అనడిగింది. "చేపలు కోస్తానమ్మా" అంది మా ఆవిడ. ఇరవయ్యేళ్లుగా ఇంట్లోకి తప్ప కోసింది లేదు. మేస్టారి భార్యని అని కూడా చెప్పొచ్చు. ఆ మాటే చెప్పింది. ఐదోసారికి పడ్డాయి.

ఆ వేళ్లు చేసే పని గురించే ఈ మాటలన్నీ.

చేపని కొనేటప్పుడు బస్తీవాళ్లు కళ్లు చూస్తారు. మావాళ్లు చెవులు చూస్తారు. పుస్తకాల్లో మొప్పలని రాసేవాటిని మేం చెవులంటాం. బొటనవేలితో చెవి ఎత్తితే లోపల ఎర్రగా, తడిగా ఉండాలి. పొద్దు గడిచేకొద్దీ ఆ ఎరుపు మట్టిరంగులోకి దిగుతుంది. తర్వాత పొట్టమీద వేలితో నొక్కాలి. గుంట పడి లేస్తే సరే. పడి అలాగే ఉండిపోతే ఆ గంప దాటి నడవాలి. తోక పట్టుకుని ఎత్తితే చేప కర్రలా నిలవాలి, గుడ్డలా వేలాడకూడదు. వాసన అన్నిటికన్నా చివర్న. "సెవులకి రంగు పుయ్యగల్రు, పొట్టకి పుయ్యలేరు" అనేది మా అత్తగారు. ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని అచ్యుతాపురం నడిచివెళ్లి అమ్మిన మనిషి. అచ్చు అవే చూపులు, అవే వేళ్లు కూతురికొచ్చాయి. నేను ఆ ఊళ్లోనే పుట్టి, పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. ఇప్పటికీ నేను కొన్న చేపని మా ఆవిడ మళ్లీ ఓసారి చెవులెత్తి చూసుకుంటుంది.

ఆలుమగలు కలిసి సీమకెళ్లడం తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. పోతం జానకమ్మ అనే తెలుగు ఇల్లాలు 1870లలోనే భర్త రాఘవయ్యతో కలిసి ఓడెక్కి ఇంగ్లండు వెళ్లింది. చూసిందంతా తెలుగులో రాసింది. 1876లో అదే ఇంగ్లీషు పుస్తకంగా మద్రాసులో అచ్చయింది. ఆ జంటకి తోడుగా వెనకాల ఇంకో జంటని ఊహించుకుంటాను నేను. భార్య కళ్లు పుస్తకం కోసం కాకుండా కూర కోసం వెతికే జంటని.

పారిస్‌లో ఐఫిల్ టవర్ కింద ఫొటో దిగాం. 330 మీటర్లట. మెడ నొప్పెట్టింది. అంతకుమించి పారిస్ గురించి మా ఇద్దరి దగ్గరా ఏమీ లేదు.

వెనిస్ దగ్గర మాత్రం ఆగాలి. రియాల్టో వంతెన పక్కన కాలవ ఒడ్డునే చేపల బజారుందని పెద్దోడు చెప్పాడు. సోమవారం పొద్దున్నే ఉత్సాహంగా వెళ్లాం. కమానుల కింద తడి నేల, ఖాళీ బల్లలు, పావురాలు. ఆది, సోమవారాలు చేపల బజారుకి సెలవని అక్కడికెళ్లాకే తెలిసింది. ఆ ఖాళీలో కనబడింది గోడకున్న పాలరాతి ఫలకం. చేపల పేర్లు వెనిస్ భాషలో, పక్కన సెంటీమీటర్లు. ఇంతకన్నా చిన్నది అమ్మకూడదని పాతకాలపు హుకుం. మన కవళ్లలాంటి సార్డినుకి 7, పాముచేపకి 25, ఆయిస్టరుకి 5, ఆల్చిప్పకి 3. చిన్నదాన్ని వదిలెయ్యమని వీళ్లు రాతిలో చెక్కారు. మనం తేదీలేసి సముద్రానికే తాళం పెడతాం. రెండూ ఒకే భయంలోంచి పుట్టినవి. మా ఆవిడ ఆ 7 సెంటీమీటర్ల గీతని వేలితో కొలిచి, "నెత్తళ్లకి రాయనేదేటి?" అంది. ఆవిడకి నెత్తళ్ల ఇగురంటే ప్రాణం.

మర్నాడు మళ్లీ వెళ్లాం. బజారు కళకళలాడుతోంది. ఐసు మీద పరిచిన చేపలు, బతికున్న పీతలు, నల్లసిరా కారుతున్న కటిల్ ఫిష్. ఎవరూ ముట్టుకోవడంలేదు. దూరంగా నిలబడి వేలు చూపిస్తున్నారు, అమ్మేవాడు కాగితంలో చుట్టి ఇస్తున్నాడు. మా ఆవిడ తిన్నగా వెళ్లి ఓ పెద్ద చేప చెవి ఎత్తింది. ఆ కొట్టువాడు వేసిన కేకకి చుట్టుపక్కల నలుగురు తిరిగి చూశారు. ముట్టుకోవద్దని బోర్డు కూడా ఉందని అప్పుడు గమనించాను. నేను చేతులు జోడించేశాను. ఆవిడ కదల్లేదు. బొటనవేలు పైకెత్తి చూపించింది, దానికి అంటిన ఎరుపుని. వాడు ఒక్క క్షణం చూసి ఏదో గొణిగి, పక్కనున్న ఇంకో చేప చెవి తనే ఎత్తి చూపించాడు. అదింకా ఎర్రగా ఉంది. ఆవిడ తలూపింది.

హోటల్ గదిలో పొయ్యి లేదు. కొనేది లేదు. "కొననప్పుడు చెవులెందుకు ఎత్తావు?" అన్నాను బయటికొచ్చాక, కాస్త విసుగ్గానే.

"సూడ్డానికే గదా ఒచ్చాం?" అంది.

నాకు జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. సెయింట్ మార్క్స్ చర్చి బంగారు గోడల్ని నేను చూసిన చూపు కంటే ఆ చేపని ఆవిడ చూసిన చూపు లోతైనది. గైడు చెబితే నేను చూశాను. ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఓ ఇరుకు సందులో నిలబడి తినే కొట్టొకటి దొరికింది. సార్డిన్లని వేయించి, వెనిగర్‌లో మగ్గిన ఉల్లిపాయల్ని పొరలు పొరలుగా పరిచి, ఎండుద్రాక్ష, చిల్గోజాలాంటి పైన్ గింజలు చల్లి పెట్టారు. సార్దె ఇన్ సావోర్ అంటారు. వెనకటికి నావికులు చేపని నాలుగురోజులు నిలవుంచుకోడానికి కనిపెట్టిన వంటట. చేసిన రోజు తినకూడదు, కనీసం ఓ రాత్రి ఊరాలి. మా ఆవిడ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "పులుసే ఇది. సింతపండు దొరక్క ఇలాగ సేసుకున్నారు పాపం" అని తేల్చేసింది. కారం లేదని ఒక్క మాటన్నా అనలేదు. చేపల పులుసు ఏ పూటకాపూట తినేవాళ్లని ఆవిడ మనుషుల కింద లెక్కెయ్యదు. మట్టిదాకలో ఓ రాత్రి నిద్రపోయి లేవాలి అది. సముద్రం మీద బతికే రెండు ఊళ్లు ఒకదాని మొహం ఒకటి చూడకుండా పులుపునీ, ఒక రాత్రి ఓపికనీ పట్టుకున్నాయంటే వంటింటి శాస్త్రాన్ని కాస్త గౌరవించాలి. పులుపు చేపని కాపాడుతుంది, నీచు వాసనని విరిచేస్తుంది. దానికి చింతచెట్టైతేనేం, ద్రాక్షతోటైతేనేం.

జూన్ 12 రాత్రికి లిస్బన్‌లో ఉన్నాం. ఆ రాత్రి, మర్నాడు అక్కడ సెయింట్ ఆంథోనీ పండగ. అల్ఫామా అనే పాత పేట మెట్లవీధుల్లో ఇంటింటి ముందూ బొగ్గుల కుంపట్లు. వాటిమీద రాళ్లుప్పు చల్లిన సార్డిన్లు. కాలిన చేపని ఓ రొట్టెముక్క మీద పెట్టిస్తారు. చేప నూనె రొట్టెలోకి దిగుతుంది, ఆఖర్న ఆ రొట్టె తినాలి. ఊరంతా పొగే. మా ఇద్దరికీ పుట్టింటికొచ్చినట్టుంది. యూరోపియన్ యూనియన్‌లో తలసరిన చేపలు అందరికంటే ఎక్కువ తినేది పోర్చుగీసువాళ్లేనట. ఆ రాత్రి ఎవరైనా ఒప్పుకుంటారు.

మా ఆవిడ చేపని విరిచి చూసింది. పొట్ట తియ్యలేదు, పేగులతోనే కాల్చారు. నాకు రోత పుట్టింది. ఆవిడకి మాత్రం వాళ్లమీద అమాంతం గౌరవం పెరిగింది. "తాజాది కాపోతే పొట్టుంచరు. ఇయాల్టి సేప ఇది."

ఆ ఊళ్లో ఎక్కడ చూసినా తలమీద గంపతో ఓ చేపలామె బొమ్మ కనిపిస్తుంది. గోడ పలకల మీద, ఫ్రిజ్‌కి అంటించుకునే బిళ్లల మీద. ఓవార్ అనే తీరపు ఊరి నుంచి వలసొచ్చిన ఆడవాళ్లు ఒకప్పుడు లిస్బన్ వీధుల్లో కేకేసుకుంటూ చేపలమ్మేవారు. ఆ ఊరి పేరు మీదే వాళ్లని వరీనాలన్నారు. ఇప్పుడు గంపలు పోయి బొమ్మలు మిగిలాయి. మా ఆవిడ ఆ బిళ్లనొకదాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుంది. గంప కింద తలమీద చుట్ట ఎలా చుట్టుకుందో చూస్తోంది. "మాయమ్మ బొమ్మ ఎవులూ గియ్యలేదు" అంది. ఐదు యూరోలు. బేరమాడకుండా కొంది.

పక్క వీధి కిరాణా కొట్టులో ఉప్పుచేప చెక్కల్లా దొంతరలు పేర్చి ఉంది. బకల్యావ్. నార్వేలాంటి ఉత్తరపు చలిదేశాల నుంచి వచ్చే కాడ్ చేప. ఒకట్రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి వండుతారు. దాని వెనక ఓ కథుంది. పోర్చుగీసు ఓడలు కెనడా తీరానికి, గ్రీన్‌లాండుకి వెళ్లి, అక్కడ నెలల తరబడి ఆగి, ఒక్కొక్క చిన్న పడవలో ఒక్కొక్క మనిషిని మంచు పొగలోకి దింపేవి. తాడూ గేలమూ పట్టుకుని ఒంటరిగా వేట. 1970ల దాకా సాగింది ఆ పద్ధతి. అది వింటూ నేను మా ఊరి తెప్పల్ని తలుచుకున్నాను. కొట్టువాడు చూడకుండా మా ఆవిడ ఆ చెక్కని వాసన చూసి, మన ఎండుచేపే నయమని తేల్చింది. ఈ విషయంలో ఆవిడ తీర్పుని నేను పూర్తిగా నమ్మను. అభిమానం ఉంది అందులో.

తిరిగి పెద్దోడి దగ్గరికొచ్చేసరికి హాలెండ్‌లో కొత్త హెర్రింగు దిగే రోజులు. ఆ చేపలో కొవ్వు కనీసం 16 శాతం ఉండాలి, అప్పుడే దానికి కొత్త హెర్రింగనే పేరు. దాన్ని ఉడికించరు, కాల్చరు. చెవులూ పేగులూ తీసేసి, క్లోమం ఒక్కదాన్నీ లోపలే ఉంచి కొద్దిగా ఉప్పులో వేస్తారు. ఆ క్లోమపు రసాలే మాంసాన్ని వెన్నలా చేస్తాయి. పురుగుల భయం లేకుండా ముందు గడ్డకట్టిస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ ఊరు హెర్రింగు ముళ్ల మీద కట్టిందని అక్కడో సామెత. తోపుడు బండి లాంటి కొట్టు దగ్గర ముక్కలు కోసి, పచ్చి ఉల్లిపాయ చల్లి ఇచ్చాడు. నేను ఒక్క ముక్కకే వెనక్కి తగ్గాను. పుస్తకాల నోరు నాది. ఆవిడ మొత్తం తినేసి, కోసేవాడి కత్తినే చూస్తూ నిలబడింది. ముల్లు ఒక్క లాగుడుకి ఎలా వచ్చేస్తోందో.

సూపర్ మార్కెట్లో ఇంకోటి జరిగింది. ట్యూనా ముక్కల ప్యాకెట్టు మీద చేప పేరు, లాటిన్ పేరు, ఏ సముద్రంలో పట్టారు, దేనితో పట్టారు, అన్నీ రాసున్నాయి. అక్కడ చట్టం అలా రాయమంటుంది. హిందూ మహాసముద్రం, 51 అని ఉంది. సముద్రాలకి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబర్లవి. అరేబియా వైపు 51, మన బంగాళాఖాతం 57లోకి వస్తుంది. ఆ చేపని మేం సూర అంటాం. మా ఊరివాళ్లు చిన్న ఫైబర్ బోట్లలో రోజుల తరబడి లోపలికెళ్లి గేలాలకి పట్టేది దాన్నే. స్పెయిన్, ఫ్రాన్స్ ఓడలు ఇంటి దగ్గర్నుంచి అంత దూరమొచ్చి పెద్ద వలలతో పట్టేదీ దాన్నే. ప్యాకెట్టు మీద నీళ్ల నంబరుంది, గేలమో వలో కూడా ఉంది. తాడు పట్టుకున్న చెయ్యి ఎవరిదో రాసే చోటు లేదు. మేం తిరిగొచ్చిన కొద్దిరోజులకే, 2025 జులై మొదట్లో, గేలానికి పడిన కొమ్ముకోనాం చేప మా ఊరి కుర్రాణ్ని నీళ్లలోకి లాక్కుపోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

జూన్ 15 పొద్దున్న హాలెండ్‌లో చీకటుండగానే మా ఆవిడ ఊరికి ఫోన్ చేసింది. బోట్లు దిగాయట. ఇంక ఆవిడ కాలు ఆ దేశంలో నిలవలేదు.

మా ఊరికి ఫిషింగ్ హార్బర్ వస్తుందన్నారు. 2025 జనవరిలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన జరిగింది. చేప మాత్రం ఇంకా ఇసకలోనే దిగుతుంది. వచ్చిన మర్నాడు తెల్లారకుండానే మేం అక్కడున్నాం. విమానం నిద్ర కళ్లలోంచి ఇంకా పోలేదు. విశాఖ నుంచి కారులో వచ్చిన కొత్త జంట ఒకటి గంపల చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసుకుంటోంది. ఆ అమ్మాయి ఓ కోనాం ముందు కూర్చుని, వేలు దగ్గరిదాకా తెచ్చి వెనక్కి తీసేసుకుంది. "ఫ్రెష్షేనా ఆంటీ?" అని మా ఆవిడని అడిగింది, అమ్మేది ఈవిడే అనుకుని.

మా ఆవిడ అమ్మేదాని వైపు చూసింది. అమ్మేది నవ్వింది.

"ఎత్తి సూడమ్మా" అని ఆ పిల్ల బొటనవేలు పట్టుకుని చేప చెవి కిందకి దూర్చింది.